ల్యాప్‌టాప్ మానేసి ట్యాబ్ ఒక్కటే పెట్టుకుంటే లెక్కల పని సాగుతుందా?

వేదాయపాళెం లెక్కలు:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు వేదాయపాళెం. పెళ్లికి ముందు నాలుగేళ్లు ఒక ఆడిటర్ గారి దగ్గర పని చేశాను, బాబు పుట్టాక మానేశాను. ఇప్పుడు ఇంట్లో కూర్చునే ఆరు షాపుల లెక్కలు చూస్తున్నాను. రెండు మెడికల్ షాపులు, ఒక హార్డ్‌వేర్, ఒక బట్టల షాపు, స్టోన్‌హౌస్‌పేటలో ఒక బియ్యం వ్యాపారి, ముత్తుకూరు దగ్గర ఒక రొయ్యల ఫీడు డీలరు. బిల్లులు ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరులో ఎక్కించడం, నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేయడం, బ్యాంకు వాళ్లు అడిగితే స్టాకు లిస్టు ఎక్సెల్‌లో చేసి పంపడం, ఇదీ పని.

నా ల్యాప్‌టాప్ 2017లో కొన్నది. ఒక పక్క హింజ్ విరిగింది, స్క్రీన్ వెనక్కి పడిపోకుండా గోడకు ఆనించి పని చేస్తున్నాను. బ్యాటరీ లేనట్టే, కరెంటు పోతే అదీ పోతుంది. పోయిన నెల 10వ తేదీ రాత్రి, తెల్లారితే జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) ఆఖరు రోజు అనగా, హార్డ్‌వేర్ షాపు బిల్లులు ఎక్కిస్తుంటే కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే ఆ కంపెనీ డేటా తెరుచుకోలేదు. నా దగ్గరున్న బ్యాకప్ మూడు రోజుల కిందటిది. ఆ మూడు రోజుల బిల్లులూ మళ్లీ మొదటినుంచి ఎక్కించి తెల్లవారి ఐదింటికి పడుకున్నాను. పైగా విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, విండోస్ 11 ఏమో ఈ ప్రాసెసరుకు ఎక్కదంటోంది.

బెంగళూరులో ఉన్న మా తమ్ముడు, "అక్కా, ట్యాబ్ తీసుకో, కీబోర్డు తగిలిస్తే అదే ల్యాప్‌టాప్" అంటున్నాడు. నాకూ ఆశగానే ఉంది. షాపులకు స్కూటీ మీద వెళ్లి వస్తుంటాను, బ్యాగులో బరువు ఉండదు, బిల్లులు అక్కడికక్కడే ఫోటో తీసుకోవచ్చు, రోజంతా ఛార్జింగ్ ఉంటుంది, కరెంటు పోయినా దడ ఉండదు. బాబు నిద్రపోయేటప్పుడు పక్కన నేను లేకపోతే లేచి కూర్చుంటాడు, వాడి పక్కన మంచం మీదే కూర్చుని పని చేసుకోవచ్చనేది అన్నిటికంటే పెద్ద ఆశ.

నా దగ్గర ఉన్నది 40 వేలు, గట్టిగా లాగితే 45. రెండూ కొనలేను. ట్యాబ్‌తో నిజంగా పని చేసుకుంటున్నవాళ్లు, చేసి వదిలేసినవాళ్లు చెప్పండి. స్పీడు ఎంత, కెమెరా ఎంత అని కాదు. పని మధ్యలో అది నన్ను ఎక్కడ ఆపేస్తుంది? అది తెలియాలి.


ఒంగోలు డేబుక్:

చెల్లెమ్మా, నేను ఒంగోలులో ఆడిటర్ ఆఫీసులోనే ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. నువ్వు రాసిన పనికి ట్యాబ్ ఒక్కటే అంటే కుదరదు, ముందు ఆ మాట చెప్పేస్తున్నా.

ట్యాలీ విండోస్‌లో నడిచే సాఫ్ట్‌వేరు. ట్యాలీ ప్రైమ్ రిపోర్టులు బ్రౌజర్‌లో తెరిచి చూసుకునే వీలుంది, షాపు ఓనరుకు అది చాలు, ఎంట్రీలు చేసే నీకు చాలదు. ట్యాబ్‌లో ట్యాలీ నడుస్తుంటే చూశామని ఎవరైనా చెప్తే అది ఇంకో చోట ఉన్న విండోస్ కంప్యూటరు బొమ్మ ఈ తెర మీదికి వస్తున్నట్టు లెక్క. అంటే ఇంట్లో ఒక కంప్యూటరు ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, లేదంటే క్లౌడ్‌లో నెల నెలా అద్దె కట్టి తీసుకోవాలి. కంప్యూటరు ఉండకూడదనే కదా నువ్వు ట్యాబ్ కొనేది.

నేను ఆ పని చేసి చూశాను. రెండేళ్ల కిందట లాయర్‌పేటలో ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటరులోకి వెళ్లి పని చేసుకుందామని ట్యాబ్, బ్లూటూత్ కీబోర్డు కొన్నాను. మొదటి రోజే తెలిసింది. ట్యాలీలో ఎఫ్8 నొక్కితే సేల్స్ వోచరు, అంటే అమ్మకం బిల్లు ఎక్కించే పేజీ రావాలి కదా, నా కీబోర్డులో ఆ బటన్ మీద స్పీకరు బొమ్మ ఉంది. నొక్కితే ట్యాబ్ సౌండు పెరుగుతుంది. ఇంకో బటన్ కలిపి పట్టుకుని నొక్కితేనే ఎఫ్8 పడుతుంది. చూడ్డానికి చిన్న విషయం, కానీ రోజుకు రెండు మూడు వందల బిల్లులు ఎక్కించేవాళ్ల కళ్లు కీబోర్డు మీద ఉండవు, బిల్లు మీద ఉంటాయి, వేళ్లు వాటంతటవే పోతుంటాయి. కుడివైపు నంబర్ ప్యాడ్ కూడా లేదు. బిల్లుకు పది సెకన్లు ఎక్కువ పడితే 300 బిల్లులకు 50 నిమిషాలు.

దానికంటే పెద్దది ఇంకోటి జరిగింది. నెట్ కాస్త నెమ్మదిస్తే నొక్కిన బటన్ ఒక్కోసారి అవతల పడేది కాదు. ఒక బిల్లులో 12 బస్తాలు, రేటు 1,250. నేను 12 కొట్టి ఎంటర్ కొట్టి 1250 కొట్టాను. మధ్యలో ఎంటర్ పడలేదు. క్వాంటిటీలో 121250 బస్తాలని కూర్చుంది. అంత పెద్ద అంకె కాబట్టి కళ్లకు కనిపించి దిద్దాను. 1 పక్కన 5 చేరి 15 అయివుంటే ఎవరికి కనిపిస్తుంది? అలాంటివి ఎన్ని పోయాయోనని ఆ నెలంతా టెన్షన్‌తో డే బుక్ (రోజువారీ ఎంట్రీల లిస్టు) రెండోసారి టిక్కు పెట్టుకుంటూ చూశాను. తర్వాత ఆ ట్యాబ్‌లో ఎంట్రీలు మానేశాను.

ఇక జీఎస్టీ. పోర్టల్ బ్రౌజర్‌లోనే కాబట్టి ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, ప్రొప్రైటరు షాపులైతే ఓటీపీతో రిటర్ను వేసేయొచ్చు, చలానా కూడా కట్టొచ్చు. ఈ-వే బిల్లు నేను ఫోన్‌లోనే తీస్తుంటాను. కానీ కంపెనీలు, ఎల్ఎల్‌పీలు (ఒక రకం భాగస్వామ్య సంస్థలు) రిటర్ను వేయాలంటే డిజిటల్ సంతకం పెట్టాలి, అది యూఎస్‌బీ డాంగిల్‌లో ఉంటుంది, దాన్ని చదవడానికి ఎమ్‌సైనర్ అనే సాఫ్ట్‌వేరు కంప్యూటరులో వేసుకోవాలి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో గానీ ఐప్యాడ్‌లో గానీ ఆ పని సాగదు. నీ ఆరింట్లో ప్రైవేట్ లిమిటెడ్ ఏదన్నా ఉందా? ఒక్కటి ఉన్నా 20వ తేదీ రిటర్ను గడువుకు నువ్వు కంప్యూటరు వెతుక్కోవాల్సిందే.

ఎక్సెల్ కూడా జాగ్రత్త. ట్యాబ్‌లో ఎక్సెల్ ఉంటుంది, మామూలు లెక్కలకు బాగానే ఉంటుంది, కానీ మాక్రోలు నడవవు. బటన్ నొక్కితే దానంతటదే నిండే ఫార్మాట్లు కొందరు పంపుతారే, ఆ ఫైలు తెరుచుకుంటుంది, బటన్ కనిపిస్తుంది, నొక్కితే ఏమీ జరగదు.

హింజ్ బాగు చేయించుకో, హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయించుకో, ఒక చిన్న యూపీఎస్ పెట్టుకో. విండోస్ 10కి అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ఒకటి ఉంది, అందులో చేరితే 2026 అక్టోబరు దాకా నడుస్తుంది. బ్యాకప్ మాత్రం మూడు రోజులకు కాదు, రోజూ తీయాలి తల్లీ, పడుకునే ముందు పెన్‌డ్రైవ్‌లోకి.


చీమకుర్తి రాయి:

అన్నగారు ట్యాలీ గురించి చెప్పింది నిజమే. నాది వేరే కథ, అది కూడా వినండి.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ యార్డులో సూపర్‌వైజరు. మూడేళ్లుగా నా చేతిలో ట్యాబ్ తప్ప ఏమీ లేదు, కంప్యూటరు ముందు కూర్చున్నది కూడా లేదు. మా దగ్గర బ్లాక్ గెలాక్సీ అనే గ్రానైట్ పలకలు స్టాండ్లకు వరుసగా ఆనించి ఉంటాయి. ఒక్కో పలకకు క్రేయాన్‌తో నంబరు రాస్తాం, టేపు పెట్టి పొడవు, ఎత్తు కొలుస్తాం. ఇదివరకు ఇవన్నీ అట్ట మీద కాగితం పెట్టుకుని పెన్నుతో రాసి సాయంత్రం ఆఫీసులో అమ్మాయికి ఇస్తే ఆమె టైపు చేసేది. చెమట పడి, రాతిపొడి పడి, నా రాత కూడా అంతంతమాత్రం. ఒకసారి 280 బై 186 (సెంటీమీటర్లు) అని నేను రాసింది 280 బై 136 అని ఎక్కింది. 186కు 5.2 చదరపు మీటర్లు వచ్చే పలక 3.8కి బిల్లు అయిపోయింది. ఒక్క అంకె, ఒక్క పలక మీద 1.4 చదరపు మీటర్లు. కంటైనరు పోయాక తెలిసింది. సేటు ఏమీ అనలేదు గానీ నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

ఇప్పుడు హెల్పరు టేపు పట్టుకుని కొలత అరుస్తాడు, నేను గూగుల్ షీట్‌లో కొడతాను, పక్క గడిలో చదరపు మీటర్లు వచ్చేస్తాయి. ఏదన్నా తేడాగా కనిపిస్తే పలక ఎదురుగానే ఉంటుంది, మళ్లీ కొలుస్తాం. నంబరు కనిపించేట్టు ఫోటో తీస్తాను, చుక్క సరిగా లేని చోట, గీత ఉన్న చోట ఫోటో మీదే పెన్నుతో సున్నా చుడతాను. క్వారీ పక్క సిగ్నల్ ఉండదు, అందుకని షీటు ఆఫ్‌లైన్‌లో పెట్టుకుంటాను, రోడ్డెక్కగానే అదే ఎక్కేస్తుంది. నేను యార్డు గేటు దాటేలోపు ఒంగోలు ఆఫీసులో లిస్టు ఉంటుంది. ఈ పనికి ల్యాప్‌టాప్ ఇస్తానన్నా నేను తీసుకోను. ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఎలా కొడతాం?

కష్టాలూ ఉన్నాయి. రోహిణి కార్తె ఎండలో పదకొండు దాటితే తెర వెలుతురు దానంతటదే తగ్గిపోతుంది, ఇంకా ఉంచితే వేడెక్కిందని ఆగిపోతుంది. నేను దాన్ని పలక నీడలో పెట్టి, తడి గుడ్డ కాదు, పొడి గుడ్డే కప్పుతాను. ఛార్జింగ్ పెట్టే రంధ్రంలో రాతిపొడి చేరి ఒకసారి పూర్తిగా పట్టేసింది, అప్పటినుంచి రబ్బరు మూత ఉన్న కవరు వాడుతున్నా.

కానీ చెల్లీ, ఒకటి ఆలోచించు. ఇన్‌వాయిసు, ప్యాకింగ్ లిస్టు, పోర్టు కాగితాలు అన్నీ ఆఫీసులో అమ్మాయి కంప్యూటరులోనే చేస్తుంది. నా పని ట్యాబ్‌తో అయిపోతోందంటే నా తర్వాత ఉన్న మనిషి దగ్గర కంప్యూటరు ఉంది కాబట్టే. నీ తర్వాత ఎవరున్నారు? నువ్వే కదా ఆఖరు.


వేదాయపాళెం లెక్కలు:

అన్నా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. "నీ తర్వాత ఎవరున్నారు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నిజమే, షాపు వాళ్లు బిల్లు ఫోటో పెట్టి వదిలేస్తారు, మిగతాదంతా నాదే.

ఫీడు డీలరుది ప్రైవేట్ లిమిటెడ్. డాంగిల్ వాళ్ల ఆఫీసులో బీరువాలో ఉంటుంది, ప్రతి నెలా నేను ల్యాప్‌టాప్ తీసుకెళ్లి అక్కడే కూర్చుని వేసి వస్తాను. ఆ సంగతి నాకు తట్టనే లేదు. కానీ బాబు దగ్గర కూర్చుని పని చేసుకునే దారి ఏదైనా ఉందేమో ఇంకా వెతుకుతున్నాను, ఎవరికైనా తెలిస్తే చెప్పండి.


ట్రంకురోడ్డు డీటీపీ:

మా షాపు నెల్లూరు ట్రంకురోడ్డు దగ్గరే, పెళ్లి పత్రికలు, బిల్లు బుక్కులు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాం. నా పని నీ పని ఒకటి కాదు గానీ నాకు ఎదురైంది నీకూ ఎదురవుతుంది.

నా దగ్గర పదిహేనేళ్ల ఫైళ్లు ఉన్నాయి. అన్నీ పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో చేసినవి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్తది రాలేదు, అయినా మన ఊళ్లలో ఇప్పటికీ దాని మీదే పని నడుస్తోంది. అను ఫాంటు యూనికోడ్ (ఏ మెషీనులోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి చేసింది. ఆ ఫాంటు లేని చోట ఆ మ్యాటరు తెరిస్తే చిరంజీవి అన్న చోట ఏవో కొమ్ములూ గీతలూ వస్తాయి. అక్కకు పెళ్లి పత్రిక మన దగ్గరే చేయించామండీ, చెల్లెలికి అదే డిజైన్‌లో పేర్లు మార్చి ఇవ్వండి అని వచ్చేవాళ్లే సగం మంది. ఆ ఫైలు ట్యాబ్‌లో ఎలా తెరుస్తాను? ప్రెస్సు వాళ్లు కూడా కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేరు ఫైలు అడుగుతారు. అందుకే కొత్త మెషీను కొనేముందు పాత ఫైళ్లు ఎన్ని ఉన్నాయి, అవి దీంట్లో తెరుచుకుంటాయా అనేది చూసుకోమంటాను. నీ దగ్గర ఆరు షాపుల పాత ట్యాలీ డేటా ఉంటుంది, నోటీసు వస్తే మూడేళ్ల కిందటి బిల్లు అడుగుతారు, అప్పుడు తెరవగలగాలి.

అయినా నా టేబుల్ మీద ట్యాబ్ ఉంది, అది లేకపోతే నాకు జరగదు. మొన్న అల్లూరు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, గుడి చందాల పుస్తకం తెచ్చాడు, 140 పేర్లు, ఊరు, మొత్తం. శిలాఫలకం కోసం. కూర్చుని కొడితే గంటన్నర పని. ఆయన్నే చదవమన్నాను, ట్యాబ్‌లో తెలుగు మైకు ఆన్ చేశాను, ఆయన ఒక్కో పేరు ఆగి ఆగి చదువుతుంటే అక్షరాలు పడుతూ పోయాయి. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఇంటిపేర్లలోనే తప్పులు వచ్చాయి, అవి దిద్దాను. ఆయన తెర వంక చూస్తూ "మా నాయన పేరు నేను చెప్పినట్టే రాసింది" అన్నాడు. ఆ మ్యాటరు యూనికోడ్‌లో ఉంటుంది, దాన్ని అనులోకి మార్చుకుని కంప్యూటరులో పేజీ కడతాను. పనిలో మొదటి సగం ట్యాబ్, రెండో సగం కంప్యూటరు, నాకు ఇలా కుదిరింది.


కావలి బీటెక్:

అక్కా, నేను ఫైనల్ ఇయర్, రెండేళ్లు ట్యాబ్ మాత్రమే వాడి ఇప్పుడు ల్యాప్‌టాప్ కొన్నాను. మీ తమ్ముడు చెప్పింది పూర్తిగా తప్పు కాదు, కాకపోతే ఏ ట్యాబ్ అనేది చెప్పలేదు.

మొదటి ఐప్యాడ్ 2010లో వచ్చింది, అప్పట్లో అది వీడియోలు చూసుకోవడానికి, చదువుకోవడానికి. 2015లో ఐప్యాడ్ ప్రోతో కీబోర్డు, పెన్ను వచ్చాయి, మౌసు 2019లో, ట్రాక్‌ప్యాడ్ 2020లో, ఒకదాని మీద ఒకటి యాప్ కిటికీలు తెరిచే పద్ధతి 2022లో, వాటిని ఇష్టం వచ్చినట్టు జరుపుకునే వీలు 2025లో. శామ్‌సంగ్ మెషీన్ల తెరను కంప్యూటరులా చూపించే డెక్స్ 2017లోనే మొదలైంది. అంటే పదిహేనేళ్లుగా ట్యాబ్ మెల్లమెల్లగా కంప్యూటరు దగ్గరికి జరుగుతూనే ఉంది. చిప్ వేగంలో ఎప్పుడో అందుకుంది, 2021లో ఐప్యాడ్ ప్రోకు వచ్చింది మ్యాక్‌లో ఉన్న ఎం1 చిప్పే. మీకు అడ్డం పడేది వేగం కాదు, మీ సాఫ్ట్‌వేరు దాని కోసం రాయలేదు, అంతే.

అందుకే మీరు మూడో దారి చూడండి. విండోస్ ట్యాబ్‌లు ఉంటాయి, కీబోర్డు ఊడదీస్తే ట్యాబ్, తగిలిస్తే ల్యాప్‌టాప్. తెర పూర్తిగా వెనక్కి మడిచే ల్యాప్‌టాప్‌లు కూడా ఉంటాయి. వాటిలో ట్యాలీ, డాంగిల్, మాక్రోలు అన్నీ పని చేస్తాయి. కానీ ప్రాసెసరు చూసుకోండి. 2012లో వచ్చిన సర్ఫేస్ ఆర్‌టీ చూడటానికి విండోసే, మామూలు విండోస్ సాఫ్ట్‌వేర్లు మాత్రం దాంట్లో ఎక్కేవి కావు. దాంట్లో ఉన్నది ఫోన్లలో వాడే రకం ఆర్మ్ చిప్. ఇప్పుడు ఆర్మ్ చిప్ విండోస్ మెషీన్లు చాలా మెరుగయ్యాయి, మామూలు సాఫ్ట్‌వేర్లు చాలావరకు నడుస్తాయి, కానీ డాంగిల్ లాంటి వాటి డ్రైవరు ఆర్మ్ కోసం విడిగా ఉంటేనే పని చేస్తుంది. మీకెందుకు ఆ రిస్కు, ఇంటెల్ గానీ ఏఎండీ గానీ ఉన్నదే అడగండి.

ఒకవేళ మామూలు ట్యాబే కొనేట్టయితే షాపులో చెప్పని ఖర్చులు రెండు ఉన్నాయి. తెర 10.1 అంగుళాలు దాటితే ఎక్సెల్, వర్డ్‌లో ఉచితంగా చూడటమే, మార్పులు చేయాలంటే చందా కట్టాలి. రెండోది, టైప్ సీ రంధ్రం ఉన్నంత మాత్రాన మానిటరుకు తగిలించొచ్చని అనుకోవద్దు, చవక ట్యాబ్‌లలో చాలావాటికి ఆ వైరు గుండా బొమ్మ బయటికి రాదు. నేను వైరు కొన్నాక తెలుసుకున్నాను.


ఇందుకూరుపేట చెరువు:

నేను వెనామీ రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్‌ని. ట్యాబ్ కొని ఆరు నెలలు గట్టు మీద తిప్పాను. మేత తిన్నాయో లేదో తెలిసే చెక్ ట్రే పైకి లాగి చూసిన చేత్తో తెర ముట్టుకుంటే ఉప్పు నీళ్ల తడికి అది ఎక్కడ నొక్కితే ఎక్కడో పడుతుంది. పీహెచ్ 8.1 కొట్టబోతే ఇంకేదో పడుతుంది. ఇప్పుడు పుస్తకంలో పెన్సిలుతో రాసుకుని షెడ్డులోకి వచ్చి చేతులు తుడుచుకుని ఫోన్‌లో ఎక్కిస్తున్నా. అక్కా, నీకు పనికొచ్చే మాట ఒకటి: మీ ఫీడు డీలరు బిల్లులు ఫోటోలు పంపుతున్నాడేమో, పీడీఎఫ్ పంపమను, ఎక్సెల్ ఇస్తే ఇంకా మంచిది. మా డీలరు అట్లాగే ఇస్తాడు. ఎక్కించే పని సగం తగ్గుతుంది, అప్పుడు ఏ మెషీను అయినా ఒకటే.


ఒంగోలు డేబుక్:

కావలి అబ్బాయి చెప్పిన మూడో దారి నాకు నచ్చింది, నేను అటు ఆలోచించలేదు. ట్యాలీ ప్రైమ్ కొత్త వెర్షన్లలో ఎక్సెల్ నుంచి వోచర్లు లాక్కునే సదుపాయం కూడా ఉంది చెల్లెమ్మా, చెరువు తమ్ముడు అన్నట్టు డీలరు ఎక్సెల్ ఇస్తే 200 బిల్లులు ఒకేసారి ఎక్కుతాయి. ముందు బ్యాకప్ తీసుకుని పది బిల్లులతో చేసి చూడు. మొత్తాలు సరిపోయాకే మిగతావి.

కొనే ముందు ఒక పని చెయ్యి. వారం రోజులు ఒక కాగితం పక్కన పెట్టుకుని, ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాసుకో. ఊహలో లెక్క వేసుకుంటే మనకు నచ్చిన పనే ఎక్కువ కనిపిస్తుంది.


వేదాయపాళెం లెక్కలు:

అన్నా, పది రోజులైంది, చెప్పినట్టే రాసుకున్నాను. ఎదురింటి పాప ట్యాబ్ కూడా రెండు రోజులు అడిగి తెచ్చుకున్నాను, బడిలో ఇచ్చింది కాదు, వాళ్ల నాన్న కొన్నది.

ఆరు రోజుల్లో మొత్తం 31 గంటల పని చేశాను. అందులో ట్యాలీ ఎంట్రీలే 19 గంటలు. ఎక్సెల్ 4, పోర్టల్ పని 3. షాపులకు వెళ్లి బిల్లులు తెచ్చుకోవడం, ఫోటోలు తీయడం, పోయిన బిల్లుల కోసం ఫోన్లు చేయడం మిగతా 5 గంటలు. ట్యాబ్ బాగా పనికొచ్చేది ఆ ఆఖరి 5 గంటలకే, అది ఇప్పుడు ఫోన్‌తోనే అవుతోంది. ఇంత తేడా ఉంటుందని నేను అనుకోలేదు, సగం సగం ఉంటుందనుకున్నాను.

ఒక రాత్రి బాబు పక్కన మంచం మీద కూర్చుని ఆ ట్యాబ్‌లో బియ్యం వ్యాపారి స్టాకు లిస్టు చేశాను. గది దీపం ఆర్పేసి, వెలుతురు బాగా తగ్గించుకుని. వాడు ఒకసారి కదిలాడు, చెయ్యి వేశాను, మళ్లీ పడుకున్నాడు. ఆ గంట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అందుకే మామూలు ల్యాప్‌టాప్ కొనడానికి మనసు ఒప్పుకోలేదు.

తెర వెనక్కి మడిచే ల్యాప్‌టాప్ చూశాను. కొత్తవి నా డబ్బుకు కాస్త పైన ఉన్నాయి. ఇంటెల్ ప్రాసెసరుతో, ఇదివరకు వాడినదాన్ని బాగు చేసి అమ్మేది ఒకటి 34 వేలకు ఉంది, 14 అంగుళాలు, విండోస్ 11 ఎక్కించే ఉంది, ఆరు నెలల వారంటీ. నంబర్ ప్యాడ్ లేదు, విడిగా 500కు యూఎస్‌బీది దొరుకుతుందట, మంచం మీద అక్కర్లేదు, టేబుల్ దగ్గర తగిలించుకుంటాను. బ్యాటరీ నాలుగు గంటలు వస్తుందన్నారు, కరెంటు పోయినప్పుడు సేవ్ చేసుకుని మూయడానికి అది చాలు. పాతది అమ్మడం లేదు, హింజ్ బాగు చేయించి అన్నగారు చెప్పిన అప్‌డేట్లలో చేర్చి బ్యాకప్‌కు ఉంచుతాను. ఇప్పుడు రోజూ రాత్రి పెన్‌డ్రైవ్‌లోకి తీస్తున్నాను. ఫీడు డీలరు ఎక్సెల్ ఇస్తానన్నాడు, పది బిల్లులతో చూశాను, మొత్తం సరిపోయింది.

ఇవాళ ముత్తుకూరు వెళ్లి డాంగిల్ అడిగి తెచ్చుకున్నాను, సోమవారం తిరిగి ఇచ్చేస్తానని రాసిచ్చి మరీ. రేపు పొద్దున పదింటికి షాపు తీస్తారు. డబ్బులు కట్టే ముందు అక్కడే డాంగిల్ గుచ్చి, ఎమ్‌సైనర్ వేయించి, సంతకం పడుతుందో లేదో చూస్తాను. కావలి తమ్ముడూ, ఇంకేమైనా చూసుకోవాలా? రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటాను.


కావలి బీటెక్:

తెరను పదిసార్లు ముందుకీ వెనక్కీ మడిచి చూడండి అక్కా, మధ్యలో టచ్ ఆగిపోతోందేమో గమనించండి. బ్యాటరీ ఆరోగ్యం చూపించే రిపోర్టు విండోస్‌లోనే ఉంటుంది, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి తీయమనండి, మొదట్లో ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అని రెండు అంకెలు కనిపిస్తాయి. రెండోది మొదటిదాంట్లో సగం కంటే తక్కువ ఉంటే బ్యాటరీ మార్చి ఇమ్మనండి. వారంటీ మాత్రం బిల్లు మీదే రాయించుకోండి.